ఏళ్ల తరబడి గెలిపించిన కాలేజ్ బాస్కెట్‌బాల్ కోచ్ దిగిపోతుంటే ఏమేం చూసుకోవాలి

అమెరికా కాలేజ్ బాస్కెట్‌బాల్ లో ఆటగాళ్లకంటే కోచ్ పేరే పెద్దది, ఎందుకంటే పిల్లలు నాలుగేళ్లుంటే గొప్ప, ఇప్పుడైతే ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోతున్నారు, కోచ్ మాత్రం ముప్పై నలభై ఏళ్లు అదే బెంచ్ ముందు నిలబడి ఉంటాడు. అలాంటి మనిషి ఇక చాలు అనుకున్న రోజున కాలేజీలో మొదలయ్యే మొదటి హడావుడి ఏంటంటే వీడ్కోలు ఎప్పుడు పెడదాం, కోర్టుకి ఆయన పేరు పెడదామా, విగ్రహం పెడదామా అని. నా లెక్కలో అది ఆఖర్న చూసుకునే పని. రిటైర్మెంట్ బాగా జరిగిందా లేదా అన్నది ఆయన తర్వాత కుర్చీలో కూర్చున్న మనిషి రెండు మూడేళ్లకి ఎలా ఉన్నాడో చూస్తేనే తెలుస్తుంది. మీరు కోచ్ అయినా, ఆయన అసిస్టెంట్ అయినా, అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ లో పనిచేస్తున్నా ఆ మనిషిని దృష్టిలో పెట్టుకునే ప్రతి అడుగూ వెయ్యండి.

ముందు టైమ్ సంగతి. వయసు చూసి నిర్ణయం తీసుకోవద్దు, వయసుకీ దీనికీ పెద్ద సంబంధం లేదు. విల్లనోవాలో జే రైట్ 2016 లో, 2018 లో టైటిల్ కొట్టి 2022 లో 60 ఏళ్లకే చాలన్నాడు, సిరక్యూస్ లో జిమ్ బేహైమ్ 47 సీజన్లు చేసి 78 ఏళ్లకి దిగాడు. చూసుకోవాల్సింది మనసులో ఇంకా ఉత్సాహం ఉందా లేదా అని, అది కూడా సీజన్ అయిపోయిన మర్నాడు కాదు, ఆ రోజు ఎవరికైనా అలిసిపోయి అన్నీ వదిలేద్దాం అనిపిస్తుంది. నార్త్ కెరొలైనాలో డీన్ స్మిత్ 36 సీజన్లు చేశాడు, ఆయన ఈ విషయం సీజన్ అయిన వేడిలో కాకుండా కాస్త తెరిపిన పడ్డాక ఆలోచించుకునేవాడు. 1997 అక్టోబర్ లో ప్రాక్టీస్ మొదలవ్వబోతుంటే పిల్లలకి ఇవ్వాల్సిన ఉత్సాహం తన దగ్గర లేదని అర్థమై అప్పుడు ఆపేశాడు, అప్పటికి ఆయన ఖాతాలో 879 గెలుపులున్నాయి, అప్పట్లో మగవాళ్ల డివిజన్ వన్ లో, అంటే కాలేజ్ ఆటల్లో పై స్థాయిలో, అదే రికార్డు.

అలా అక్టోబర్ లో చెప్పడంలో ఒక లాభం ఉంది, ఒక నష్టమూ ఉంది. లాభం ఏంటంటే కాలేజీకి బయట వెతికే టైమ్ ఉండదు, మీ అసిస్టెంట్ కే పని దొరుకుతుంది. స్మిత్ పక్కన 30 ఏళ్లు అసిస్టెంట్ గా ఉన్న బిల్ గుత్రిడ్జ్ కి అలాగే వచ్చింది, మొదటి సీజన్ లోనే 34 గెలిచి 4 ఓడి ఫైనల్ ఫోర్ కి, అంటే నేషనల్ టోర్నమెంట్ లో ఆఖరి నాలుగు టీమ్ ల దాకా తీసుకెళ్లాడు, మూడేళ్లలో రెండుసార్లు వెళ్లాడు. కనెక్టికట్ లో కూడా అంతే, జిమ్ కాల్హూన్ 2012 సెప్టెంబర్ లో దిగితే తన దగ్గరే ఆడి తర్వాత అసిస్టెంట్ అయిన కెవిన్ ఒల్లీకి ముందు ఒక్క సీజన్ కే కాంట్రాక్ట్ ఇచ్చారు, అతను 2014 లో ఏకంగా నేషనల్ టైటిల్ తెచ్చాడు. విస్కాన్సిన్ లో బో రయన్ అయితే సీజన్ మధ్యలో 2015 డిసెంబర్ లో వదిలేశాడు, అసిస్టెంట్ గ్రెగ్ గార్డ్ ఆ మిగిలిన నెలల్లో తనేంటో చూపించి పర్మనెంట్ అయిపోయాడు.

నష్టం పడేది పిల్లల మీద. 2024 అక్టోబర్ లో వర్జీనియాలో టోనీ బెన్నెట్ సీజన్ మొదలవ్వడానికి మూడు వారాలు కూడా లేవనగా దిగిపోయాడు, 2019 లో టైటిల్ తెచ్చిన మనిషి, 55 ఏళ్లు. ఇప్పుడున్న పద్ధతిలో నేను సరైన కోచ్ ని కాను అని నిజాయితీగానే చెప్పాడు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి. కానీ ఆయన్ని నమ్మి వచ్చిన పిల్లలకి అప్పటికే క్లాసులు మొదలైపోయాయి, వేరే కాలేజీకి వెళ్లి ఆ సీజన్ ఆడే దారి లేదు. ఆ ఏడాది 15 గెలిచి 17 ఓడారు, తాత్కాలికంగా నడిపిన రాన్ సాంచెజ్ ని మార్చి లో ఉంచుకోలేదు. గుత్రిడ్జ్ కాలంలో ఈ ఇబ్బంది ఇంతగా లేదు, అప్పుడు టీమ్ మారిన కుర్రాడు ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది కాబట్టి ఎవరూ తొందరగా కదిలేవాళ్లు కాదు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు అందులో పేరు పెట్టుకుంటారు, పైగా 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బులివ్వొచ్చు, అన్ని ఆటలూ కలిపి ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందుకే నా సలహా, ఆరోగ్యం తప్ప ఇంకే కారణమైనా సరే సీజన్ అయిన వెంటనే మార్చి ఏప్రిల్ లో చెప్పేయండి, నిర్ణయం మాత్రం అంతకుముందే చల్లగా తీసుకుని పెట్టుకోండి.

ఎవరికి ముందు చెప్పాలి అన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఏళ్లు గడిచినా జనం గుర్తు పెట్టుకునేది అదే. ఇంట్లోవాళ్లు, అథ్లెటిక్ డైరెక్టర్, అసిస్టెంట్లు, వెంటనే ఆటగాళ్లు, వీళ్లందరికీ ఒక్క పూటలో అయిపోవాలి, ఎందుకంటే మధ్యలో ఒక రాత్రి గడిచిందంటే రిపోర్టర్ ఫోన్ లో వచ్చేస్తుంది, పిల్లలు హాస్టల్ గదిలో ఫోన్ చూసి తెలుసుకుంటారు. లాస్ ఏంజెలెస్ లోని యూసీఎల్ఏలో జాన్ వుడెన్ 1975 లో ఎలా చేశాడో చూడండి, సెమీఫైనల్ లో లూయీవిల్ ని ఓవర్‌టైమ్ లో ఒక్క పాయింట్ తేడాతో గెలిచాక లాకర్ రూమ్ లో పిల్లలకే చెప్పాడు, మీతో ఆడించేది ఇంకొక్క మ్యాచ్ అని. రెండు రోజుల తర్వాత కెంటకీని 92-85 తో ఓడించి 12 ఏళ్లలో పదో టైటిల్ తో వెళ్లిపోయాడు. బేహైమ్ విషయంలో దీనికి తిరగబడింది, 2023 మార్చి లో వేక్ ఫారెస్ట్ చేతిలో ఆఖరి క్షణంలో ఓడిపోయాక ప్రెస్ ముందు ఉంటానో లేదో తేల్చకుండా మాట్లాడాడు, కొన్ని గంటల్లోనే ఏడ్రియన్ ఆట్రీ కొత్త కోచ్ అని యూనివర్సిటీ ప్రకటన వచ్చేసింది. 47 ఏళ్ల పనికి అది చాలా గజిబిజిగా ఉన్న ముగింపు, నాకైతే ఆ రోజు బాధేసింది. కాబట్టి మీ స్టేట్‌మెంట్ మీరే ముందుగా రాసుకోండి, అరపేజీ చాలు, ఏ రోజు విడుదల చెయ్యాలో డైరెక్టర్ తో కూర్చుని తేల్చుకోండి, ఆ తేదీ దాకా నోరు జారొద్దు.

అసలు విషయం ఇప్పుడు, తర్వాత ఎవరు. ఇక్కడ అందరూ మనవాడికే ఇద్దాం అంటారు, మన దగ్గర ఆడినవాడు, మన పద్ధతి తెలిసినవాడు అని. అది ఒక్కోసారి బ్రహ్మాండంగా కుదురుతుంది. డ్యూక్ లో మైక్ షషెఫ్‌స్కీ, ఇంటిపేరు ఇంగ్లీషులో K తో మొదలవుతుంది కాబట్టి అందరూ ‘కోచ్ K’ అంటారు, 2021 జూన్ లోనే వచ్చే సీజన్ ఆఖరిది అని చెప్పి 2010 టీమ్ లో ఆడిన జాన్ షాయర్ పేరు అప్పుడే ప్రకటించేశారు, దాంతో షాయర్ కి ఒక ఏడాది పాటు కొత్త కుర్రాళ్లని టీమ్ లోకి ఒప్పించడానికి వాళ్ల ఇళ్లకి కాబోయే హెడ్ కోచ్ గా వెళ్లే అవకాశం దొరికింది, 2025 కల్లా ఫైనల్ ఫోర్ లో ఉన్నాడు. నార్త్ కెరొలైనాలో రాయ్ విలియమ్స్ 2021 లో దిగితే అక్కడే ఆడి ఆయన అసిస్టెంట్ గా చేసిన హ్యూబర్ట్ డేవిస్ మొదటి సీజన్ లోనే ఫైనల్ దాకా వెళ్లాడు. స్టాన్‌ఫర్డ్ లో ఆడవాళ్ల టీమ్ ని నడిపిన టారా వాన్‌డర్‌వీర్ 1,216 గెలుపులతో 2024 లో దిగినప్పుడు కూడా తన దగ్గర ఆడి తన పక్కనే అసిస్టెంట్ గా పనిచేసిన కేట్ పేయ్ కే వచ్చింది. కానీ విల్లనోవాలో జే రైట్ దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్ గా చేసి ఫోర్డమ్ లో ఒక్క ఏడాది హెడ్ కోచ్ గా చేసిన కైల్ నెప్ట్యూన్ ని తెచ్చుకుంటే మూడు సీజన్లలో ఒక్కసారి కూడా నేషనల్ టైటిల్ కోసం ఆడే ఎన్‌సీఏఏ టోర్నమెంట్ చేరలేదు, 2025 లో తీసేశారు. అంటే మనవాడు అన్నది అర్హతల్లో ఒకటి మాత్రమే. అతను ఒంటరిగా టీమ్ ని నడిపాడా, కుర్రాళ్లని తనే ఒప్పించి తెచ్చాడా, పాత కోచ్ మాటకి ఎప్పుడైనా ఎదురు చెప్పాడా, ఈ మూడూ అడగండి, మూడోది మరీ ముఖ్యం.

ఎంత మంచివాడిని పెట్టినా ఓపిక లేకపోతే ఏం లాభం లేదు. వుడెన్ తర్వాత యూసీఎల్ఏకి జీన్ బార్టో వచ్చాడు, రెండు సీజన్లలో 52 గెలిచి 9 మాత్రమే ఓడాడు, ఫైనల్ ఫోర్ కి కూడా తీసుకెళ్లాడు, అయినా ప్రతి ఓటమికీ వుడెన్ అయితేనా అనే మాట వినలేక వెళ్లిపోయాడు. 52-9 సరిపోలేదంటే ఇంకేం సరిపోతుంది చెప్పండి. ఆ కాలేజీకి మళ్లీ టైటిల్ వచ్చింది 1995 లో, అంటే 20 ఏళ్లు. ఇటు ‘కోచ్ K’ డ్యూక్ లో మొదటి మూడు సీజన్లు కలిపి 38 గెలిచి 47 ఓడాడు, జనం తీసెయ్యమని గొడవ చేస్తుంటే అప్పటి డైరెక్టర్ టామ్ బటర్స్ ఆయన్ని ఉంచాడు, తర్వాత ఐదు టైటిళ్లు, కెరీర్ మొత్తం మీద 1,202 గెలుపులు. కొత్త కోచ్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేటప్పుడు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని డబ్బులిచ్చే పెద్దలకి చూపించండి, కనీసం నాలుగేళ్లు నోరు మెదపం అని అందరి ముందూ అనిపించుకోండి.

ఆరోగ్యం వల్ల దిగాల్సి వస్తే దారి వేరు. టెనెసీలో ఆడవాళ్ల టీమ్ కోచ్ పాట్ సమ్మిట్ కి అల్జీమర్స్ అని తెలిసింది, 2011 ఆగస్టు లో 59 ఏళ్ల వయసులో ఆవిడే బయటికి చెప్పింది, దాచలేదు. ఆ సీజన్ అంతా ఏళ్ల నాటి అసిస్టెంట్ హాలీ వార్లిక్ ఎక్కువ భారం మొయ్యగా 2012 ఏప్రిల్ లో హెడ్ కోచ్ ఎమెరిటస్ అనే గౌరవ హోదాతో పక్కకి జరిగింది, 38 సీజన్లు, 1,098 గెలుపులు, 8 టైటిళ్లు. ఆవిడ చెప్పిన తీరు వల్ల పిల్లలకి ఆవిడ ఎందుకు తడబడుతుందో తెలిసింది, దాన్ని వెనక నుంచి గుసగుసలాడే అవకాశం ఎవరికీ రాలేదు. ఇలాంటి పరిస్థితి వస్తే డాక్టర్ మాట, ఇంట్లోవాళ్ల మాట, ఆ తర్వాతే సీజన్.

వీడ్కోలు గురించి కొంచెమే చెప్తా. బద్ధశత్రువుతో మ్యాచ్ రోజున పెట్టొద్దు. ‘కోచ్ K’ ఆఖరి హోమ్ మ్యాచ్ 2022 మార్చి 5 న నార్త్ కెరొలైనాతో, పాత ఆటగాళ్లు బోలెడుమంది వచ్చారు, అంత బరువు ఆ కుర్రాళ్ల భుజాల మీద పెట్టేసరికి 94-81 తో ఓడారు, ఆయన మైక్ పట్టుకుని ఇవాళ్టి ఆట ఒప్పుకోదగ్గది కాదు అని జనానికే సారీ చెప్పాల్సి వచ్చింది. నెల తిరక్కుండా ఫైనల్ ఫోర్ లో మళ్లీ అదే టీమ్ చేతిలో 81-77 తో ఆఖరి మ్యాచ్ కూడా పోయింది. సభ పెట్టాలంటే సీజన్ అయ్యాక వేసవిలో ఒక రోజు పెట్టండి, టైటిల్ టీమ్ వాళ్లనే కాదు బెంచ్ మీద కూర్చుని ఒక్క నిమిషం కూడా ఆడని వాళ్లని, బంతులు అందించిన స్టూడెంట్ మేనేజర్లని కూడా పిలవండి. ఈ విషయంలో డీన్ స్మిత్ ని మించినవాళ్లు లేరు, 2015 లో ఆయన పోయాక తెలిసింది, తన దగ్గర ఆడి లెటర్, అంటే టీమ్ లో ఆడినందుకు కాలేజీ ఇచ్చే గుర్తింపు, సంపాదించుకున్న ప్రతి ఒక్కరికీ, దాదాపు 180 మందికి, బయట ఒక మంచి భోజనం చెయ్యండి అని వీలునామాలో తలా 200 డాలర్లు రాసిపెట్టాడు. మైకేల్ జోర్డాన్ కి ఎంతో పేరు ఎవరికీ గుర్తులేని కుర్రాడికీ అంతే.

ఇక దిగిపోయాక మొదటి ఏడాది. ప్రాక్టీస్ కి వెళ్లొద్దు, కొత్త కోచ్ పిలిచినా మొదటి ఆర్నెల్లు వెళ్లొద్దు, ఎందుకంటే మీరు గుమ్మంలో నిలబడితే చాలు పిల్లల తలలు అటు తిరుగుతాయి. ఆటగాడు ఫోన్ చేసి కొత్తాయన నన్ను ఆడించట్లేదు అని ఏడిస్తే వినండి, ఆ మాట ఆయనతోనే మాట్లాడు అని చెప్పి పెట్టేయండి. రేడియోవాళ్లు మ్యాచ్ మీద అభిప్రాయం అడిగితే ఆటగాళ్ల గురించి మాట్లాడండి, కోచ్ నిర్ణయాల జోలికి పోవద్దు. ఆఫీస్ కావాలంటే అదే బిల్డింగ్ లో వేరే అంతస్తులో తీసుకోండి, పెద్ద గది మాత్రం మొదటి వారంలోనే ఖాళీ చేసి తాళాలు ఆయన చేతికే ఇవ్వండి. మ్యాచ్ లు చూడాలనిపించడం సహజం, వుడెన్ కూడా ఏళ్ల తరబడి యూసీఎల్ఏ వాళ్ల పాలీ పెవిలియన్ లో టీమ్ బెంచ్ వెనక రెండో వరసలో కూర్చుని చూశాడు, కానీ కొత్తాయన కొన్ని మ్యాచ్ లు గెలిచి కుదురుకునేదాకా ఆగండి, అప్పుడు టికెట్ ఆయన్నే అడిగి తీసుకోండి, టీవీ కెమెరాకి ఇద్దరూ ఒకే ఫ్రేమ్ లో పడని చోట.