ఓపెన్ సోర్స్ ప్యాకేజీలో కాపీరైట్, లైసెన్స్ లోపాలను పరిశీలించడం ఎలా?

భీమవరం పరిసరాల్లోని రొయ్యల రైతులు చెరువు నీటిలోని ఉప్పు శాతాన్నీ, కరిగిన ఆక్సిజన్‌నూ రోజూ నమోదు చేసుకోవడానికి కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక ప్యాకేజీ రాసి, దానిని ఓపెన్ సోర్స్‌గా, అంటే మూల కోడ్‌ను ఎవరైనా, వ్యాపారానికైనా సరే, వాడి, మార్చి, పంచుకునేలా విడుదల చేయదలచారనుకుందాం. పై ఫోల్డరులో, చాలా తక్కువ షరతులతో కోడ్‌ను వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ ఫైలు పెట్టగానే పని పూర్తయిందని చాలామంది భావిస్తారు. నిజానికి అది విద్యార్థులు స్వయంగా రాసిన కోడ్‌కే వర్తిస్తుంది. బయటి నుంచి తెచ్చుకున్న ఫైళ్ళకు వాటి హక్కుదారులు విధించిన షరతులే వర్తిస్తాయి. అందుచేత పరిశీలన ఫైళ్ళ వారీగా సాగాలి.

ముందుగా, ఫైళ్ళలో పదాలను వెతికే గ్రెప్ అనే ఆదేశంతో ‘కాపీరైట్’, ‘లైసెన్స్’ అన్న ఆంగ్ల పదాలు ఏయే ఫైళ్ళలో ఉన్నాయో వెతకాలి. స్కాన్‌కోడ్ గానీ, లైసెన్స్‌చెక్ గానీ నడిపితే ఇదే సమాచారం పట్టికగా వస్తుంది. ఆ పరికరాలు గుర్తించలేకపోయిన ఫైళ్ళను మాత్రం మనమే తెరిచి చదవాలి. ప్రతి ఫైలుకూ హక్కుదారు ఎవరు, ఏ షరతులపై ఇచ్చారు అన్న రెండు విషయాలనూ విడివిడిగా రాసుకోవాలి. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య కృతి కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది. కనుక కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో అందరికీ కనిపిస్తున్నా, లైసెన్స్ లేని కోడ్‌ను మన ప్యాకేజీలో చేర్చి పంచే అనుమతి మనకు లేనట్టే. విద్యార్థుల్లో ఎవరైనా ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ ఇందులో ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని తొలి హక్కుదారు యజమానే.

నా అనుభవంలో అసలు చిక్కులు కోడ్ కాని ఫైళ్ళలోనే ఎక్కువ. ధవళేశ్వరం దిగువ కాలువల పటాన్ని స్వచ్ఛంద సహకర్తలు తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకుంటే ఆ డేటాకు ఓడీబీఎల్ అనే డేటాబేస్ లైసెన్స్ వర్తిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సహకర్తలను పేర్కొనాలి, డేటాబేస్‌ను సవరించి పంచితే అదే లైసెన్స్ కింద పంచాలి. ఓఎఫ్ఎల్ అనే ఫాంట్ల లైసెన్స్ కింద వచ్చిన తెలుగు ఫాంటును ప్యాకేజీలో చేర్చవచ్చు గానీ, దాని పేరును రిజర్వు చేసి ఉంటే సవరించిన ఫాంటుకు ఆ పేరు వాడకూడదు. రొయ్యల వ్యాధుల ఫోటోలకు ‘ఎన్‌సీ’ (నాన్ కమర్షియల్) గుర్తున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉంటే, అది వాణిజ్య వినియోగాన్ని నిషేధిస్తుంది కాబట్టి వాటిని తీసివేయాలి. పరిమాణం తగ్గించడానికి కుదించిన జావాస్క్రిప్ట్ ఫైళ్ళలో హక్కుదారు ప్రకటన చెరిగిపోయి ఉండవచ్చు. మూల ఫైలును వెతికి దానితో సరిచూడాలి.

తరువాత లైసెన్సులు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూడాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయం ప్రకారం అపాచీ 2.0 లైసెన్స్ కింద ఉన్న కోడ్‌ను జీపీఎల్ అనే మరో లైసెన్స్ వెర్షన్ 3 కింద ఉన్న కోడ్‌తో కలపవచ్చు, వెర్షన్ 2తో కలపకూడదు. ‘వెర్షన్ 2 లేదా ఆ తరువాతిది’ అని హక్కుదారు రాసి ఉంటే వెర్షన్ 3ను ఎంచుకుని బయటపడవచ్చు. అందుకే ఫైలు మొదట్లోని ఆ చిన్న వాక్యాన్ని పూర్తిగా చదవాలి.

లోపం బయటపడితే హక్కుదారుకు మర్యాదగా రాసి స్పష్టమైన లైసెన్స్ కోరాలి. వచ్చిన జవాబును ప్యాకేజీతో పాటే భద్రపరచాలి. జవాబు రాకపోతే ఆ ఫైలును తొలగించి, ప్రత్యామ్నాయం చూసుకోవాలి. తొలగించిన ఫైలు, కోడ్‌లోని మార్పులన్నిటినీ భద్రపరిచే గిట్ చరిత్రలోనూ, పాత విడుదలల్లోనూ మిగిలే ఉంటుంది కాబట్టి వాటిని కూడా సరిచేశాకే కొత్త విడుదలను ప్రకటించాలి.