ఊపిరి అందడం లేదన్న పిల్లతో ఇంకో రౌండ్ కొట్టించకండి

మొన్న వైజాగ్‌లో ఒక గ్రౌండ్‌లో కబడ్డీ ప్రాక్టీసు. కూతకు వెళ్లిన పదో తరగతి అమ్మాయి గీత దాటి వస్తూనే కూలబడింది. పెదాలు పాలిపోయాయి, రెండు మాటలు కలిపి పలకలేకపోతోంది. అంతకుముందే ఊపిరి అందట్లేదని చెప్పింది. "స్టామినా లేదు, ఇంకో రౌండ్ కొట్టు" అన్నారు కోచ్. పిల్ల కోలుకుంది. సమ్మర్ క్యాంపులు నడుస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను. నీళ్లు, గొడుగు సంగతి అందరికీ తెలిసిందే.

అసలు జరిగేది

ఊపిరి పీల్చేవీ కండరాలే: పొట్టకు పైనుండే డయాఫ్రమ్, పక్కటెముకల మధ్యవి. అవి బాగా అలిసిపోతే శరీరం కాళ్లకు వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. కాళ్లు అందుకే బరువెక్కుతాయి. అప్పుడు ఇంకో రౌండ్ కొట్టిస్తే స్టామినా పెరగదు, పిల్ల పడిపోవచ్చు. పైగా అదే ఎత్తున్న అబ్బాయి కంటే అమ్మాయికి సాధారణంగా ఊపిరితిత్తులు చిన్నవి, గాలి గొట్టాలు సన్నం. గట్టిగా పరిగెత్తేటప్పుడు అంతే గాలికి ఆమె ఎక్కువ కష్టపడాలి. మన సముద్రపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు వేడెక్కి ఊపిరి ఇంకా వేగమవుతుంది. అబ్బాయిల టీమ్‌తో పోల్చి తిట్టకండి.

ఊపిరి కండరాలకు ట్రైనింగ్

గాలి పీల్చేటప్పుడు అడ్డుకునే చిన్న పరికరాలు దొరుకుతాయి. గట్టిగా పీల్చగల శక్తిలో సగం బిగువు పెట్టి, ఉదయం 30 సార్లు, సాయంత్రం 30 సార్లు. ఫలితానికి 4 నుంచి 6 వారాలు కావాలి, కాబట్టి టోర్నమెంట్ ముందు వారం మొదలుపెట్టి లాభం లేదు. ఆస్తమా ఉన్నా, కర్ణభేరికి చిల్లు పడినా, ఎప్పుడైనా ఊపిరితిత్తి ముడుచుకుపోయినా డాక్టరు చెప్పాకే. ముఖానికి గుడ్డ కట్టి పరిగెత్తించడం ట్రైనింగ్ కాదు. మానేయండి.

ఇక మిగతావి. రౌండ్ అయ్యాక మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగితే "నిటారుగా నిలబడు" అని అరవకండి: అమెరికాలో ఫుట్‌బాల్ ఆడే కాలేజీ అమ్మాయిల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, తల మీద చేతులు పెట్టుకున్నప్పటి కంటే వంగినప్పుడే గుండె వేగం త్వరగా దిగింది. క్యాంపు మొదట్లోనే హిమోగ్లోబిన్ చూపించండి, 12 కంటే తక్కువుంటే రక్తహీనత, ముందు దానికి వైద్యం. పీరియడ్స్‌లో రక్తం ఎక్కువగా పోతోందేమో తల్లి అడగాలి. పీల్చేటప్పుడు గొంతులో ఈల లాంటి శబ్దం వస్తే అది ఆస్తమా కాకపోవచ్చు, పక్కమ్మాయి ఇన్‌హేలర్ ఇవ్వకండి, డాక్టరుకు చూపించండి. జలుబు, దగ్గు ఉన్న రోజు కూత ప్రాక్టీసు వద్దు. నడుముకు, ఛాతీకి బిగుతు బెల్టులు వద్దు. ఊపిరి అందట్లేదంటే ఆపండి. నటిస్తోందనిపించినా ఆపండి. మ్యాచ్ మధ్యలోనైనా ఆపండి. ఇంకో రౌండ్ వద్దు, అర రౌండ్ కూడా వద్దు. ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చేయండి, ఎవరి పర్మిషన్ కోసమూ ఆగకండి.