ప్రతినాయకుడు తేలిపోతున్నాడా? ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి

నెల్లూరు, ఒంగోలు వైపు రాసేవాళ్ల కథలు, పరిషత్తు నాటికల ప్రతులు ఏళ్ల తరబడి చదువుతున్నాను. ఎక్కువమంది తెచ్చే ఫిర్యాదు ఒకటే: విలన్ నిలబడటం లేదు. వాడిని ఇంకాస్త క్రూరంగా చూపించాలా, ఒక ఫ్లాష్‌బ్యాక్ కలపాలా అని అడుగుతారు. ముందు చూడాల్సింది చూడకుండా ఈ రెండిట్లో దేని జోలికీ వెళ్లవద్దు.

లక్షణం: కథానాయకుడు లేని చోట విలన్ కనిపించడు

కారణం: వాడికి సొంత పని లేదు.

వాడికి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి. అందులో కథానాయకుడి పేరు రాకూడదు. "రాముడి పొలం లాక్కోవాలి" అని రాశారంటే అది మీ అవసరం, వాడిది కాదు. "పొగాకు వేలం ముగిసేలోగా ఊళ్లో ఇచ్చిన అప్పులన్నీ రాబట్టుకోవాలి" అని రాస్తే వాడు తన దారిన తను నడుస్తుంటాడు, రాముడు ఆ దారికి అడ్డం వస్తాడు. ఐదు నిమిషాల పని ఇది. అయినా ఎవరూ చేయరు! నేరుగా సంభాషణలు దిద్దడానికి కూర్చుంటారు. దయచేసి ఇది చూసుకున్నాకే కింది భాగం చదవండి.

లక్షణం: జాలి కలుగుతుంది, భయం కలగదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. విలన్ పేలవంగా ఉన్నాడని రచయిత వాడికి చిన్నప్పటి ఆకలినో, తండ్రికి జరిగిన అవమానాన్నో అతికిస్తాడు. చదివినవాళ్లు "అయ్యో పాపం" అంటారు. ఆ మాట విని జబ్బు నయమైందనుకుంటాం. నాలుగు పేజీలు తిరిగేసరికి వాడు మళ్లీ అట్టబొమ్మే. వాడు ఇలా ఎందుకు తయారయ్యాడో ఫ్లాష్‌బ్యాక్ చెప్పింది. ఇంతకాలం ఊరు వాడిని ఎందుకు భరిస్తోందో చెప్పలేదు.

కారణం: కథలో వాడి అవసరం ఎవరికీ లేదు. ఎవరికీ పనికిరాని దుర్మార్గుడిని ఊరు ఒక్క రోజు కూడా మోయదు. లోకంలో చెడ్డవాడు నిలబడేది తన బలం మీద కన్నా, తన మీద ఆధారపడినవాళ్ల మీద.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు అప్పు మీద మేత ఇచ్చే ఒక వ్యాపారిని ఊహించుకోండి. షరతు ఒకటే: పట్టుబడి, అంటే రొయ్యలు పట్టడం, అయ్యాక సరుకు తనకే అమ్మాలి. కిలోకు 50 తూగే రొయ్యను 60 కౌంటు అని రాసుకుంటాడు. కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య; అది పెరిగిందంటే రొయ్య చిన్నదని లెక్క, ధర పడిపోతుంది. ఇక్కడితో ఆపితే వాడు మోసగాడు, అంతే.

ఒక రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, రొయ్యలు పైకి తేలడం మొదలైందంటే గంటల్లో పంట పోతుంది. రైతు ఫోను చేసేది కొడుక్కి కాదు, ఈ వ్యాపారికే. వాడు జనరేటర్ ట్రాక్టరు మీద వేసుకుని స్వయంగా వస్తాడు, లుంగీ ఎగగట్టి గట్టు మీద బురదలో తెల్లవారేదాకా నిలబడతాడు. పంట పోతే తన అప్పు మునుగుతుంది కనుక వచ్చాడా, రైతు మీద అభిమానంతో వచ్చాడా? వాడికే తెలియదు. ఆ రెండూ విడదీయలేనట్టు రాయండి. పట్టుబడి రోజున వాడు మళ్లీ 60 కౌంటు అని రాస్తుంటే రైతు నోరు మెదపలేకపోతాడు. ఆ మౌనంలో పాఠకుడికి భయం పుడుతుంది. దానికి ఏ ఫ్లాష్‌బ్యాక్ అక్కరలేదు.

భారతంలో దుర్యోధనుడికి పేదరికం లేదు, అనాథ బాల్యం లేదు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా నిలబడ్డాడు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కులం అడిగి కర్ణుడిని తలవంచుకునేలా చేసినప్పుడు, అక్కడికక్కడే అతన్ని అంగరాజ్యానికి అభిషేకించినవాడు దుర్యోధనుడే. అర్జునుడికి ఎదురు నిలిచే విలుకాడు దొరికాడన్న లెక్క అందులో ఉంది, స్నేహమూ ఉంది. ఆదిపర్వంలో పెట్టిన ఆ పెట్టుబడి ఉద్యోగపర్వంలో ఫలిస్తుంది. కర్ణుడి జన్మరహస్యం చెప్పి కృష్ణుడు రాజ్యమే ఇస్తానన్నా అతను రాడు. విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన మనుమసిద్ధి ఆస్థానంలో, మన నెల్లూరులో ఉన్నవాడు. ఆయన తెలుగులో ఉద్యోగపర్వం ఒకసారి చదవండి. కర్ణుడి నిరాకరణలో దుర్యోధనుడు ఎంత పెద్దవాడవుతాడో చూడండి, ఆ సన్నివేశంలో అతను లేకపోయినా.

మరమ్మతు: విలన్ వల్ల నిజంగా మేలు పొందిన మనిషిని ఒకరిని కథలోకి తీసుకురండి. ఆ మేలు కథ జరుగుతుండగానే జరగాలి, ఎవరో చెప్పగా వినిపిస్తే చాలదు. ఆ మనిషి తెలివితక్కువవాడు, అమ్ముడుపోయినవాడు కాకూడదు. విలన్ తరఫున వాదించమంటే కథానాయకుడు సమాధానం చెప్పలేని ఒక్క మాటైనా అతని దగ్గర ఉండాలి. ఇదంతా కుదిరాక ఫ్లాష్‌బ్యాక్ తీసేసి చదవండి. దాదాపు ఎప్పుడూ దాని లోటు తెలియదు.

అరుదైనవి

విలన్ పేరు గంభీరంగా లేకపోవడం, రూపం భయపెట్టకపోవడం, ఇద్దరు విలన్లు ఒకరినొకరు మింగేయడం లాంటివి ఎప్పుడో ఒకసారి తగులుతాయి. వాటి మీద పొద్దు పుచ్చకండి. వాడికి ఏదో ఒక ప్రాంతపు యాస అంటగట్టి ఉంటే మాత్రం వెంటనే తీసేయండి. అది పాత్రకు బలం ఇవ్వదు, ఆ ప్రాంతం వాళ్లను నొప్పిస్తుంది.

మరమ్మతు తర్వాత కథానాయకుడు చిన్నబోతే

ఇది తరచూ జరుగుతుంది. కంగారుపడి విలన్ చేత ఒక హత్య చేయించి లెక్క సరిచేయకండి, చేసిన పనంతా వృథా అవుతుంది. విలన్‌ను ఉన్నవాడిని ఉన్నట్టే ఉంచి కథానాయకుడికి పని పెంచండి. మేతవ్యాపారిని దించేస్తే వచ్చే పంటకు అప్పు ఎవరిస్తారని 40 కుటుంబాలు కథానాయకుడి గుమ్మం ముందు నిలబడాలి. వాళ్లకు అతను ఏం చెబుతాడో రాయండి.