గుర్రానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు: పేగు విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గుర్రానికి యాంటీబయాటిక్ రాసిచ్చారంటే శాలలో రెండు పనులు ఒకేసారి మొదలైనట్టు. ఒకటి గాయానికో, ఊపిరితిత్తులకో వైద్యం. రెండోది పెద్దపేగుకి కాపలా. మొదటిదాన్ని పశువైద్యుడు చూసుకుంటాడు. రెండోది రోజూ గడ్డి వేసి, లద్ది ఎత్తేవాళ్ల పని. ఎక్కువ గుర్రాలు మందుల కోర్సును ఏ ఇబ్బందీ లేకుండా దాటేస్తాయి. దాటలేని గుర్రానికి మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఏర్పాట్లన్నీ మొదటి మోతాదుకి ముందే జరగాలి.

గుర్రం గడ్డిని అరిగించుకునేది కడుపులో కాదు, వెనక ఉన్న అంధనాళంలోనూ (పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచి) పెద్దపేగులోనూ. పెద్ద గుర్రంలో అంధనాళం ఒక్కటే 30 లీటర్లదాకా పడుతుంది, పెద్దపేగు దానికి రెండింతలకు పైనే. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. గుర్రానికి కావలసిన శక్తిలో సగానికి పైగా వాటి నుంచే రావచ్చు. యాంటీబయాటిక్‌కి రోగం తెచ్చిన బ్యాక్టీరియా, పీచు అరిగించే బ్యాక్టీరియా అన్న తేడా తెలియదు. మంచివి తగ్గగానే, అప్పటిదాకా అణిగి ఉన్న క్లాస్ట్రిడియం, సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా జాతులకి చోటు దొరుకుతుంది. వాటి విషం పేగు గోడను దెబ్బతీస్తుంది. ఒంట్లోని నీళ్లు పేగులోకి కారిపోతాయి, పేగులోని విషాలు రక్తంలోకి ఎక్కుతాయి. పెద్ద గుర్రం రోజుకి పదుల లీటర్ల నీళ్లు పోగొట్టుకోగలదు. ఆ విషాల ప్రభావం గిట్టలకి చేరితే లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) వస్తుంది. విరేచనాలు తగ్గాక కూడా ఆ గిట్టల వల్లే గుర్రాన్ని కోల్పోయే పరిస్థితి రావచ్చు.

సూది మందైతే పేగు జోలికి పోదన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. సిరలోకి ఎక్కించిన ఆక్సిటెట్రాసైక్లిన్‌లో కొంత భాగం పైత్యరసంతో కలిసి పేగులోకి దిగుతుంది. కండరంలోకి ఇచ్చే పెనిసిలిన్, సెఫ్టియోఫర్ కూడా పేగులోని సూక్ష్మజీవులను మారుస్తాయి. నోటి ద్వారా ఇచ్చే ట్రైమెథోప్రిమ్-సల్ఫా బాగా వాడుకలో ఉన్నదే అయినా దానికీ ఈ ప్రమాదం ఉంది. పూర్తిగా నిరపాయమైన యాంటీబయాటిక్ అంటూ గుర్రానికి లేదు.

కొన్నింటిని మాత్రం గుర్రం దరిదాపులకు కూడా రానివ్వకూడదు. లింకోమైసిన్, క్లిండమైసిన్ పేగును చంపేసే మందులు. పందుల దాణాలో కలిపిన లింకోమైసిన్ పొరపాటున గుర్రపు తొట్టిలో పడినా ముప్పే. వేరే పశువుల దాణా కలిపిన మరలోనే గుర్రాల దాణా కలుపుతున్నారేమో అడిగి తెలుసుకోండి. పశువులకి, కోళ్లకి వేసే మోనెన్సిన్ కూడా అదే దారిలో వచ్చి పడుతుంది. అది పేగుతో ఆగదు, గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. కిలో బరువుకి 2–3 మిల్లీగ్రాములు చాలు గుర్రాన్ని చంపడానికి. పెనిసిలిన్, ఆంపిసిలిన్ రకాలను పెద్ద గుర్రానికి నోటి ద్వారా ఇవ్వకూడదు. అవి రక్తంలోకి సరిగా ఎక్కవు, మిగిలినదంతా పెద్దపేగులోకి చేరి అక్కడ విధ్వంసం చేస్తుంది. డాక్సీసైక్లిన్ నోటి ద్వారా ఇవ్వవచ్చు గానీ సిరలోకి ఎక్కిస్తే గుర్రం అక్కడికక్కడే కూలిపోవచ్చు.

ఎరిత్రోమైసిన్ సంగతి విడిగా చెప్పాలి. రోడోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల న్యుమోనియా వచ్చిన గుర్రపుపిల్లలకి దీన్ని రిఫాంపిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో కలిపి ఇస్తారు. పిల్ల తట్టుకుంటుంది, ప్రమాదమంతా పక్కనే ఉన్న తల్లికి. పిల్ల మూతి నాకినా, పిల్ల వేసిన లద్ది తిన్నా, మందు కడిగిన నీళ్లు తాగినా ఆ కొద్దిపాటి మందే తల్లికి తీవ్రమైన విరేచనాలు తెప్పించగలదు. మందు పట్టించాక పిల్ల మూతిని తడిగుడ్డతో తుడవండి. లద్దిని వెంటవెంటనే ఎత్తేయండి. సిరంజి కడిగిన నీళ్లు శాల బయట పారబోయండి. తల్లి లద్దిని కూడా రోజూ గమనించండి. ఈ మందు తీసుకుంటున్న పిల్లకి ఎండలో ఒళ్లు విపరీతంగా కాగిపోవచ్చు. కోర్సు పూర్తయ్యేదాకా నీడలో, గాలి ఆడేచోట ఉంచండి.

వైద్యుణ్ణి మొదటే అడగవలసినవి ఉన్నాయి. యాంటీబయాటిక్ నిజంగా కావాలా? వైరస్ వల్ల వచ్చిన దగ్గుకి అది పనిచేయదు. చీము పూర్తిగా కారిపోయి, జ్వరం లేని గడ్డకి చాలాసార్లు అక్కర్లేదు. చీము నమూనాను పరీక్షకి పంపి, ఆ క్రిమికే తగిన మందు ఎంచుకునే వీలుందా? ఎన్ని రోజులు ఇవ్వాలి? లద్ది మెత్తబడితే ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రిపూట ఎవరు పలుకుతారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు లేకుండా కోర్సు మొదలుపెట్టవద్దు.

మోతాదు బరువును బట్టే ఉంటుంది కాబట్టి బరువును కంటితో అంచనా వేయవద్దు. తూకం లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 180, పొడవు 165 అయితే బరువు 450 కిలోలు. ఈ లెక్క ఎదిగిన గుర్రాలకే. పిల్లలకీ, చూలు గుర్రాలకీ సరిపోదు. ఒక పూట మందు మరిచిపోతే తర్వాతి పూట రెట్టింపు ఇవ్వకండి. వైద్యుణ్ణి అడగండి.

మేతలో పాటించవలసిన సూత్రం ఒక్కటే: మందు తప్ప ఇంకేదీ కొత్తది రాకూడదు. ఇప్పుడు తింటున్న ఎండుగడ్డే కోర్సు రోజులకీ, ఆ తర్వాత ఒక నెలకీ సరిపడా ఉందో లేదో ముందే చూసుకోండి. మధ్యలో గడ్డి అయిపోయి వేరే రకం తెచ్చి వేయడం మనం చేతులారా తెచ్చుకునే ముప్పు. 450 కిలోల గుర్రానికి రోజుకి కనీసం 7 కిలోలు, వీలైతే 9 కిలోల ఎండుగడ్డి నాలుగైదు విడతలుగా వేయండి. కడుపు గంటల తరబడి ఖాళీగా ఉండకూడదు. ధాన్యం తగ్గించండి. చిన్నపేగులో అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి జారి పుల్లబడుతుంది, అసలే చెదిరిన చోట అది నిప్పు మీద నెయ్యి. పూటకి కిలో బరువుకి ఒక గ్రాము పిండిపదార్థం దాటనివ్వకండి. ఓట్స్‌లో అది దాదాపు 40 శాతం ఉంటుంది కాబట్టి ఈ గుర్రానికి పూటకి ఒక కిలో ఓట్స్ గరిష్ఠం. అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. నట్టల మందు, టీకాలు, దూరప్రయాణం, పోటీలు వాయిదా వేయగలిగితే వేయండి. ప్రయాణం, ఆకలి, శస్త్రచికిత్స, కొత్త చోటు, వీటిలో ప్రతిదీ విడిగానే పేగును కదిలిస్తుంది. మందుతో కలిస్తే చెప్పనక్కర్లేదు.

నీళ్లు ఆటోమేటిక్ గిన్నెలో కాకుండా బకెట్లలో పెట్టండి, ఎంత తాగిందో తెలుస్తుంది. వాతావరణాన్ని బట్టి రోజుకి 25 నుంచి 50 లీటర్లు మామూలు. తాగడం తగ్గితే అది హెచ్చరికే. జెంటమైసిన్ వాడుతుంటే ఇది మరీ ముఖ్యం, నీళ్లు చాలని గుర్రంలో ఆ మందు మూత్రపిండాలను చెడగొడుతుంది. తోడుగా ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పిమందు ఇస్తుంటే చెప్పిన మోతాదు దాటకండి, రెండు రకాల నొప్పిమందులు కలపకండి. అవి కూడా పెద్దపేగు లోపలి పొరను పుండు చేస్తాయి.

మాత్రలను దాణాలో దాచిపెడితే గుర్రం సగం తిని సగం వదిలేస్తుంది, ఎంత లోపలికి వెళ్లిందో తేలదు. నూరి కొద్ది నీళ్లలో కలిపి, పెద్ద మూతి సిరంజితో దంతాలు లేని ఖాళీ వైపు నుంచి నాలుక మీదికి పోయండి. ముందు నోట్లో గడ్డి లేకుండా కడగండి. మెట్రోనిడజోల్ విపరీతంగా చేదు. దాని రుచికి కొన్ని గుర్రాలు మేత మానేస్తాయి. ఆ సంగతి వెంటనే వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే ఉపవాసమే పేగుకి మరో దెబ్బ.

పెరుగు పోయడం మంచిదని చాలామంది చెబుతారు. ఎదిగిన గుర్రం పాలలోని చక్కెరను సరిగా అరిగించుకోలేదు, పైగా పెరుగులోని బ్యాక్టీరియా గుర్రపు పేగులో స్థిరపడేవి కావు. సీసాల్లో దొరికే ప్రోబయోటిక్‌ల మీద కూడా గట్టి భరోసా పెట్టుకోకండి. గుర్రపుపిల్లల్లో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకం ఇస్తే విరేచనాలు తగ్గకపోగా పెరిగాయి. శాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్ మీద కొంత మంచి ఆధారం ఉంది. అది ఈస్ట్ కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దాన్ని చంపదు. ఇవ్వాలనుకుంటే వైద్యుణ్ణి అడిగి ఇవ్వండి, కానీ దాన్ని చూసుకుని కాపలా మానకండి.

మొదటి మోతాదుకి ముందురోజే మీ గుర్రం మామూలు లెక్కలు రాసి గోడకి తగిలించండి. ఉష్ణోగ్రత 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్, నాడి నిమిషానికి 28–44, ఊపిరి 8–16, చిగుళ్లు తడిగా లేత గులాబీ రంగులో, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. రోజుకి ఎన్నిసార్లు లద్ది వేస్తుందో లెక్కపెట్టండి, ఎక్కువ గుర్రాలు 8–12 సార్లు వేస్తాయి. డొక్కలకి రెండు వైపులా చెవి ఆనించి పేగు చప్పుడు అలవాటు చేసుకోండి. కోర్సులో రోజుకి రెండుసార్లు ఇవన్నీ చూడాలి. మందు మొదలైన రెండో రోజు నుంచి ఆరో రోజు దాకా ప్రమాదం ఎక్కువ. మందు ఆపిన వారం పదిరోజుల తర్వాత కూడా రావచ్చు, కోర్సు అయిపోయిందని థర్మామీటర్ పెట్టెలో పెట్టేయవద్దు.

విరేచనాలే మొదటి గుర్తు అనుకోవద్దు. మేత మీద ఆసక్తి తగ్గడం, మూలకి నిలబడటం, అర డిగ్రీ జ్వరం, పేగు చప్పుడు ఆగిపోవడం లేదా నీళ్లు జారినట్టు వినిపించడం ముందు వస్తాయి. కొన్ని గుర్రాలు లద్ది పల్చబడకముందే కూలిపోతాయి. ఉండలుగా పడే లద్ది ఆవుపేడలా పడితే తర్వాతి మోతాదు ఇవ్వకుండా అప్పుడే వైద్యుడికి ఫోన్ చేయండి. పొద్దున్నదాకా చూద్దామని ఆగవద్దు. నాడి 60 దాటినా, చిగుళ్లు ఇటుకరంగుకో ఊదాకో తిరిగినా, గిట్టల పైన రక్తనాళం గట్టిగా కొట్టుకుంటున్నా అది అత్యవసరం.

వైద్యుడు వచ్చేలోగా ధాన్యం తీసేయండి, ఎండుగడ్డీ నీళ్లూ ఉంచండి. మనుషులకి విరేచనాలు ఆపడానికి ఇచ్చే మాత్రలు వేయకండి, అవి పేగు కదలికను ఆపి విషాన్ని లోపలే నిలబెడతాయి. తాజా లద్దిని శుభ్రమైన డబ్బాలో తీసి చల్లగా ఉంచండి, పరీక్షకి కావాలి. లామినైటిస్ రాకుండా గిట్టలను ఐసునీళ్లలో ముంచి ఉంచమని వైద్యుడు చెబితే, గంట ఉంచి తీయడం కాదు, రెండు మూడు రోజులు ఆపకుండా సాగాలి. దానికి సరిపడా ఐసు ఎక్కడ దొరుకుతుందో ముందే తెలిసి ఉండాలి. ఆ గుర్రాన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి. దానికి విడి పార, విడి బకెట్, విడి చెప్పులు. సాల్మొనెల్లా మనుషులకీ అంటుకుంటుంది, ఇంట్లోని చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి. క్లాస్ట్రిడియం బీజాలను చేతులకి రాసుకునే ఆల్కహాల్ ద్రవం చంపదు. సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. నేలను ముందు లద్ది లేకుండా కడిగి, తర్వాతే బ్లీచ్ వేయండి. మురికి మీద పోసిన బ్లీచ్ వృథా.

కోర్సు సజావుగా ముగిసినా పేగులోని సూక్ష్మజీవులు మునుపటిలా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఒక నెలపాటు అదే ఎండుగడ్డి కొనసాగించండి. ధాన్యం పెంచాలన్నా, పచ్చికలోకి వదలాలన్నా 10–14 రోజుల మీద కొంచెం కొంచెంగా చేయండి. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు, ఏ రోజు లద్ది ఎలా ఉందో గుర్రం చీటీలో రాసి పెట్టండి. ఏ మందుతో విరేచనాలు వచ్చాయో దాని పేరు చీటీ పైభాగాన ఎర్రసిరాతో రాయండి. రేపు అర్ధరాత్రి వేరే వైద్యుడు వస్తే ఆయన మొదట చూడవలసింది అదే.