లోకో క్రాంక్ చేసే ముందు సిలిండర్లలో నీళ్ళున్నాయేమో చూడండి

మిర్యాలగూడ పక్క సిమెంటు సైడింగుల్లో షంటింగ్ లోకో (వ్యాగన్లను అటూ ఇటూ జరిపే డీజిల్ రైలింజను) రెండు మూడు రోజులు నిలబడి ఉంటే, నేరుగా క్రాంక్ చేయొద్దు, అంటే బ్యాటరీతో తిప్పి స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లోకి నీళ్ళు దిగి ఉంటే పిస్టన్‌కు అడ్డం పడతాయి. నీళ్ళు గాలిలాగా నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

లోకోలో ఉన్నది ఆల్కో 251 రకం డీజిల్ ఇంజనైతే ముందు బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేసి, స్టార్ట్ చేయొద్దని క్యాబ్‌లో బోర్డు తగిలించండి. అన్ని సిలిండర్ల టెస్ట్ కాక్‌లూ (లోపలి గాలి బయటికి వదిలే చిన్న కుళాయిలు) తెరవండి. టర్నింగ్ గేర్‌తో (ఇంజన్ షాఫ్టును మెల్లగా తిప్పే సాధనం) చేత్తోనే ఇంజన్ తిప్పాలి, రెండు పూర్తి చుట్లు తప్పనిసరి. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను కదా, ఒక్క చుట్టుకే ఆపితే సగం సిలిండర్లు కంప్రెషన్‌కే రావు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు టార్చ్ వేసి ఒక్కో కాక్ దగ్గర చూడాలి. బుస్సుమని గాలి వస్తే మంచిదే. గాలితో పాటు తుంపర పడితే ఆ సిలిండర్ మీద చాక్‌తో గుర్తు పెట్టి, పని ఆపేయండి.

నీళ్ళు ఎక్కడివి? సిలిండర్ హెడ్‌లో పగులు, ఆఫ్టర్‌కూలర్ (ఇంజన్లోకి వెళ్ళే గాలిని నీళ్ళతో చల్లబరిచే భాగం) లీకు, టర్బో (ఇంజన్లోకి గాలిని నెట్టే యంత్రం) కేసింగ్ లీకు, ఈ మూడూ ముందు చూడండి. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) సీల్ పోతే మాత్రం నీళ్ళు కిందికి, క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ అడుగు పెట్టె) కారతాయి. ఇంజన్ బాగా చల్లారాకే క్రాంక్‌కేస్ మూతలు తీసి చూడాలి, వేడి మీద తీస్తే ఆయిల్ ఆవిరికి మంట అంటుకోవచ్చు.

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) నుంచి ఒక చుక్క ఆయిల్ బాగా వేడెక్కిన రేకు మీద వేయండి. తాలింపులా చిటపటలాడిందంటే ఆయిల్‌లో నీళ్ళు కలిసినట్టే.