సేవాసంస్థలో విభాగాల మధ్య సమన్వయం కుదుర్చుకోవడం ఎలా

శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే ఒక మోస్తరు స్వచ్ఛంద సంస్థను తీసుకుంటే, అందులో ఊళ్లలో తిరిగే ఫీల్డ్ సిబ్బంది, అకౌంట్స్ విభాగం, దాతలకు ప్రతిపాదనలూ రిపోర్టులూ రాసేవారు, ఆరోగ్యమో జీవనోపాధులో చూసే కార్యక్రమ విభాగాలు ఉంటాయి. వీరి మధ్య పొరపొచ్చాలు వచ్చినప్పుడు యాజమాన్యం సాధారణంగా మనుషుల స్వభావాలను తప్పుపడుతుంది. నేను చూసినంతలో అసలు కారణం వేరే చోట ఉంటుంది. ఒకే పని గురించి ఫీల్డ్ వారికి అది మొదలుకాక ముందే తెలుస్తుంది, అకౌంట్స్ వారికి బిల్లు చేతికి వచ్చాక తెలుస్తుంది, రిపోర్టు రాసేవారికి మూడు నెలలు గడిచాక తెలుస్తుంది. ఈ ముగ్గురికీ ఒకేసారి తెలిసేలా చేయడంతోనే సమన్వయం మొదలుపెట్టాలి.

ఇందుకు మా అనుభవమే చెబుతాను. ఉద్దానంలోని కవిటి, కంచిలి మండలాల ఊళ్ల నుంచి కిడ్నీ రోగులను డయాలసిస్‌కు ఆటోల్లో పంపేవాళ్లం. ఒక్కొక్కరికి వారానికి రెండు మూడుసార్లు వెళ్లక తప్పదు. ఆటో డ్రైవరు బిల్లు ఇవ్వడు, బిల్లు లేని ఖర్చును అకౌంట్స్ ఒప్పుకోదు, ఆరోగ్య కార్యకర్త సొంత డబ్బు పెట్టుకునేవారు, నెలాఖరున ఆయన ఇచ్చిన వోచర్లను అకౌంట్స్ తిప్పి పంపేది. తన నిజాయతీని శంకించారని కార్యకర్తకు బాధ, ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది తానేనని అకౌంటెంటుకు భయం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

అకౌంటెంటు ఒక రోజు తెల్లవారుజామున ఆ ఆటోలో రోగులతో పాటు వెళ్లి, సాయంత్రం వారితోనే తిరిగివచ్చిన తరువాత ఈ చిక్కు విడిపోయింది. బిల్లు దొరకని చోట వాడేందుకు ఆయనే ఒక వోచరు నమూనా తయారుచేశారు. తేదీ, బయలుదేరిన ఊరు, చేరిన ఆసుపత్రి, చెల్లించిన మొత్తం, డ్రైవరు సంతకం, ఫోన్ నంబరు, వీటితో పాటు ఆరోగ్య కార్యకర్త ధ్రువీకరణ అందులో ఉంటాయి. ఒక ప్రయాణానికి ఎంత మించకూడదో ముందే నిర్ణయించుకున్నాం. రోగి పేరుకు బదులు నంబరు మాత్రమే రాయాలని ఆరోగ్య విభాగం పట్టుబట్టింది. ఒకరి జబ్బు వివరం లెక్కల ఫైళ్లలో పడి ఉండకూడదు కనుక అది సరైన పట్టుదల. ఎన్ని ప్రయాణాలు జరిగాయని ప్రతి త్రైమాసికంలో ఫోన్లు చేసి అడిగే రిపోర్టు విభాగానికి కూడా ఆ వోచర్లే లెక్క అందించాయి. మీ సంస్థలోనూ ముందుగా ఇలాంటి కాగితాన్ని, అంటే ఒకరు రాస్తే ముగ్గురికి పనికివచ్చే దాన్ని వెతకండి. అది దొరికితే మూడు వేర్వేరు ఫారాలు వాటంతటవే తగ్గిపోతాయి.

రెండో పని, ఒక గదిలో ఉండిపోయిన నిబంధనలను అందరి ముందుకూ తేవడం. ఉదాహరణకు, ఒక వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదు చెల్లిస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ మొత్తాన్ని ధర్మకార్యాలకు చేసిన ఖర్చుగా పరిగణించరు. అకౌంట్స్ వారికి ఇది కంఠతా వస్తుంది, కానీ నర్సరీలో జీడి మొక్కలు కొనడానికి వెళ్లిన కోఆర్డినేటరుకు ఎవరూ చెప్పి ఉండరు. అలాగే విదేశీ విరాళాలలో పరిపాలనా ఖర్చు పరిమితి విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గిందని, ఆ డబ్బును వేరే సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదని ప్రతిపాదన రాసే వ్యక్తికి బడ్జెట్ వేయకముందే తెలియాలి. కాబట్టి కొత్త ప్రాజెక్టు మంజూరైన వారంలోనే అన్ని విభాగాలను సగం రోజు కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఉన్న ఒప్పందాన్ని తెలుగులో రెండు పేజీలకు కుదించి, దాన్ని పైకి చదివించండి. ఏ పనికి బడ్జెట్‌లోని ఏ హెడ్డులో, అంటే ఏ పద్దులో, ఎంత ఉందో ఫీల్డ్ వారి దగ్గర రాతపూర్వకంగా ఉండాలి. బడ్జెట్‌ను వారికి చూపించడానికి జంకే సంస్థలు ఉన్నాయి. ఆ జంకును మానుకోవాలని గట్టిగా చెబుతాను.

ఊళ్ల జాబితా ఒక్కటే ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరంలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఒక విభాగం జాబితాను వెంటనే సరిదిద్ది, మరొకటి పాత జిల్లా పేరే కొనసాగిస్తే ఒకే సంస్థ రెండు రిపోర్టుల్లో రెండు లెక్కలు చూపుతుంది. జాబితాను మార్చే అధికారం ఒక్కరికే ఇచ్చి, మిగతావారు దాన్నే వాడేలా చూడండి.

నెలవారీ సమావేశం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. దూరపు మండలం నుంచి వచ్చినవారు ముందు మాట్లాడాలి, నిర్ణయాలు వాట్సాప్‌లో కాక మినిట్స్ పుస్తకంలో ఉండాలి, నెల చివరి మూడు రోజుల్లో ఆ సమావేశం పెట్టకూడదు.

అన్నిటికంటే ముందే ఒప్పందానికి రావలసింది తుపాను గురించి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు, మా మూడు విభాగాలూ వేర్వేరు ఫారాలతో ఒకే ఇంటికి వెళ్లాయి. పైకప్పు లేని ఇంటి ముందు నిలబడి ఒకే కుటుంబాన్ని మూడుసార్లు అవే ప్రశ్నలు అడిగాం. అది ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది. అందుకే సెప్టెంబరు ముగిసేలోగా ఒక పేజీ సిద్ధం చేసుకోండి. సర్వే ఎవరు చేస్తారు, సరుకులు ఎవరు కొంటారు, ఫోను మీద అడిగితే ఎంత వరకు అడ్వాన్స్ ఇవ్వవచ్చు, ఆ అనుమతి ఎవరు ఇవ్వాలి, బిల్లులు ఎన్ని రోజుల్లో చేరాలి అన్నవి అందులో రాసి, అన్ని విభాగాల అధిపతులతో సంతకం చేయించండి. కరెంటూ సిగ్నలూ ఉండని రోజుల కోసం దాని ప్రతిని ప్రతి మండల కోఆర్డినేటరు సంచిలో కాగితం మీదే ఉంచండి.