అల్లిక బిగుసుకుంటోందా, మోచేయి లాగుతోందా? కొండలెక్కే విద్యార్థులకు సమస్య - పరిష్కారం

"అక్కా, స్వెట్టర్ ముందు ముక్క, వెనక ముక్క కలవట్లేదు" అంటూ హాస్టల్లో నా గది తలుపు కొట్టేవాళ్లలో రాళ్లెక్కే అలవాటున్నవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది మాట్లాడుతూ మాట్లాడుతూ మోచేయి రుద్దుకుంటుంటారు. అదేమిటని అడిగితే "అది వేరే అక్కా, ఆదివారం యారాడ కొండకి వెళ్లాం కదా" అంటారు. వేరే కాదు. నాలుగేళ్లుగా చూస్తున్నాను, చాలాసార్లు ఆ రెండూ ఒకటే సమస్య.

ఇది అల్లిక వచ్చినవాళ్ల కోసం, రాయి మీద చెయ్యి వెయ్యడం తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను. కుట్లు ఎక్కించడం, తాడు ముడి వేసుకోవడం ఇక్కడ చెప్పను.

ఏ సమస్య అయినా ముందు ఒక పని చెయ్యండి. అల్లిన ముక్కని బల్ల మీద పరవండి. లాగొద్దు, నొక్కొద్దు. స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో కింద ఒకచోట, మధ్యలో ఒకచోట, పైన ఒకచోట లెక్కపెట్టండి. రెండు నిమిషాల పని. ఇది చెయ్యకుండా కొత్త సూదులు కొనుక్కుని, ఊలు మార్చి, చివరికి మొత్తం విప్పేసి ఏడుస్తూ వచ్చినవాళ్లని చూసి చూసి విసిగిపోయాను. మొదట లెక్క. తర్వాతే ఏదైనా.

సమస్య: ఊలు వేళ్లకి పట్టుకుంటోంది, పోగులు లేస్తున్నాయి

కారణం ఊలు కాదు, మీ వేళ్లు. మన విశాఖ కొండలు చాలామటుకు ఖోండలైటు రాయి. అందులో గార్నెట్ గింజలుంటాయి. గాలికి వానకి రాయి మెత్తబడి రాలుతుంటే ఆ గింజలు పైకి తేలి గరుకుగా నిలబడతాయి. ఒక పూట ఎక్కితే వేలి కొసల చర్మం చిన్న చిన్న పొరలుగా లేస్తుంది. దానిమీద చాక్ ఒకటి. చాక్ అంటే ఎక్కేటప్పుడు చేతులు జారకుండా పూసుకునే పొడి, మెగ్నీషియం కార్బొనేట్, చెమటతో పాటు చర్మంలోని తేమనీ పీల్చేస్తుంది. ఎండిన ఆ పొర అంచు ఎక్రిలిక్ పోగుని కొక్కెంలా లాగుతుంది.

కొండ దిగగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, గోళ్ల సందుల్లో కూడా. లేచిన చర్మాన్ని పళ్లతో కొరకొద్దు, గోళ్లు అరగదీసే ఆకురాయితో చదును చెయ్యండి. కొబ్బరినూనె రాసుకోండి, కానీ రాత్రి అల్లిక పక్కన పెట్టేశాకే. ముందే రాస్తే లేతరంగు ఊలు మీద మరక పడుతుంది. పొద్దున్నే ఎక్కడానికి వెళ్లేముందు రాస్తే రాయి మీద వేళ్లు జారతాయి.

సమస్య: సూది మీద కుట్లు కదలడం లేదు

కింద, మధ్య, పైన లెక్క సమానంగా ఉండి, కేవలం జారడం లేదంటే అది మన సముద్రపు ఉక్క. మేలో, వానల ముందు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో అరచేతిలో చెమట ఆరదు. ప్లాస్టిక్ సూదులైతే ఇంకా పట్టేస్తాయి. నున్నటి స్టీలు లేదా అల్యూమినియం సూదులు వాడండి, ఫ్యాను కింద కూర్చోండి, పక్కన పొడి రుమాలు పెట్టుకోండి. అంతే.

(ఇంత ఉక్కలో స్వెట్టర్లెందుకని అడిగేవాళ్లకి: డిసెంబరులో ఒక్కసారి అరకు రైలెక్కండి, లేదా తెల్లవారుజామున లంబసింగిలో నిలబడండి.)

సమస్య: ముక్క పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోంది, మోచేయి లోపలి వైపు లాగుతోంది

అసలు విషయం ఇక్కడుంది. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే.

పైన చెప్పిన లెక్కలో కింద 22 కుట్లు, పైన 25 వచ్చాయనుకుందాం. మూడు కుట్లే కదా అనిపిస్తుంది. 100 కుట్ల ముక్కకి లెక్కవేసి చూడండి: 22 చొప్పున అయితే వెడల్పు 45 సెంటీమీటర్ల పైచిలుకు, 25 చొప్పున అయితే సరిగ్గా 40. అయిదు సెంటీమీటర్లకి పైగా తేడా. చంక దగ్గర అతుకు ఎందుకు పడదో అర్థమైందా?

అందరూ చేసే తప్పు: సూది సైజు పెంచడం. 4 మిల్లీమీటర్ల సూది తీసేసి 4.5 పెడతారు. ఆ రోజుకి సరిపోతుంది. మూడు రోజుల తర్వాత చెయ్యి తేలికపడ్డాక అదే సూదితో అల్లితే వదులైపోతుంది. ఇప్పుడు ముక్కలో మూడు రకాల అల్లిక. మారింది సూది కాదు, పట్టు.

పట్టు ఎందుకు మారింది? వేళ్లని ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి టెండన్లు మణికట్టు గుండా వేళ్ల కొసలదాకా వెళ్తాయి. మనం "నరం పట్టేసింది" అంటాం గానీ అది నరం కాదు, కండరాన్ని ఎముకకి కట్టే తాడు. రాతి అంచుని పట్టుకునేది ఆ కండరాలే, సూదిని పట్టుకునేదీ అవే, పెన్ను పట్టుకునేదీ అవే. వాటిలో కొన్ని మోచేయి లోపలి బుడిపె దగ్గర మొదలవుతాయి. కండరం ఒకటి రెండు రోజుల్లో తేరుకున్నట్టు అనిపిస్తుంది. టెండన్‌కి రక్తప్రసరణ తక్కువ, అది మెల్లగా తేరుకుంటుంది. కాబట్టి ముంజేయి బాగానే ఉందనిపించినా లోపల పని పూర్తికాలేదు. అలసిన చేతికి సున్నితమైన పట్టు రాదు. నా చేతులూ, నేను చూసిన చేతులూ అలాంటప్పుడు సూదిని గట్టిగా పిసికి పట్టుకుంటాయి, పోగుని బిగిస్తాయి.

ఇప్పుడు దొంగ కారణం. అది రెస్టు రోజు.

ఆదివారం ఎక్కుతాం. సోమవారం రెస్టు. రెస్టు కాబట్టి మంచమెక్కి కూర్చుని మూడు గంటలు అల్లుతాం. ఒళ్లు కదలదు, చెమట పట్టదు, కాబట్టి విశ్రాంతి అనిపిస్తుంది. కాళ్లకి, నడుముకి అది విశ్రాంతే. వేళ్లకి మాత్రం కొన్ని వేల చిన్న కదలికల పని, అదీ నిన్న అలసిపోయిన కండరాలతోనే.

నేను ఇది తెలుసుకున్నది భువనగిరి వెళ్లొచ్చినప్పుడు. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కకముందు ఎక్కడం మొదలుపెట్టింది ఆ కొండ మీదే అని ఎన్నాళ్లుగానో ఆ రాయిని ముట్టుకోవాలని ఉండేది. రెండు రోజులు ఎక్కాం. రెండో సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, "ఇక రెండు రోజులు రెస్టే కదా" అనుకుని సంచిలోంచి నాన్నమ్మకి అల్లుతున్న స్వెట్టర్ తీశాను. కాజీపేటలో మొదలుపెట్టి విజయవాడ వచ్చేదాకా ఆపలేదు. పొద్దున్న దువ్వాడలో బ్యాగు ఎత్తబోతే మోచేయి లోపల చురుక్కుమంది. దానికి కారణం భువనగిరి రాయే అనుకున్నాను. ఎక్కడం మానేశాను, అల్లడం పెంచాను. నెల గడిచినా తగ్గలేదు. ఒకరోజు ఆ స్వెట్టర్ పరిచి చూస్తే రైల్లో అల్లిన వరుసలు ఎక్కడ మొదలయ్యాయో గీత గీసినట్టు కనిపించింది. అక్కడినుంచి పైదాకా ఒక్క వరుస కూడా వదులవ్వలేదు. చెయ్యికి నెల రోజులుగా సెలవే ఇవ్వలేదని ఆ ముక్క చెబుతోంది, నేను చదవలేదు.

కాబట్టి ఇలా నిర్ధారించుకోండి. అల్లడానికి కూర్చున్న ప్రతిసారీ, ఆ రోజు మొదటి వరుస అంచున చిన్న రంగు దారం కట్టండి. కొండెక్కిన మర్నాడు ఎరుపు, మిగతా రోజుల్లో తెలుపు. రెండు వారాల తర్వాత ఒక్కో దారం పైన కుట్లు లెక్కపెట్టండి. ఎర్రదారం పైన ప్రతిసారీ బిగుతుగా ఉంటే ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు.

మోచేతికి ఒక పరీక్ష: ముంజేయి బల్ల మీద అరచెయ్యి పైకి ఉండేలా పెట్టండి. రెండో చేత్తో అరచేతిని కిందకి నొక్కుతూ మణికట్టుని పైకి లేపడానికి ప్రయత్నించండి. లోపలి బుడిపె దగ్గర నొప్పి వస్తే మనం మాట్లాడుకుంటున్నది అదే, డాక్టర్లు గోల్ఫర్స్ ఎల్బో అంటారు. అరచెయ్యి కిందకి పెట్టి మణికట్టు వెనక్కి లేపినప్పుడు బయటి బుడిపె దగ్గర నొప్పి వస్తే అది టెన్నిస్ ఎల్బో. రెండింటికీ దారి దాదాపు ఒకటే.

పరిష్కారం. ఒంటికి రెస్టు రోజు వేరు, చేతులకి రెస్టు రోజు వేరు అని కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. కొండెక్కిన మర్నాడు అల్లిక వద్దు. చెయ్యి ఊరుకోకపోతే ఇరవై నిమిషాలు, లావు సూదులతో, డిజైను లేని సాదా అల్లిక. అంతకు మించి కాదు. డిజైనున్న, ఎక్కువ సేపు పట్టే అల్లిక ఎక్కిన మూడో రోజుకి పెట్టుకోండి. వారంలో ఒక్కరోజు రాయి, సూది, పెన్ను మూడూ ముట్టని రోజు ఉండాలి. అరగంటకోసారి సూదులు కింద పెట్టి వేళ్లు బార్లా చాపండి.

నొప్పి ఇప్పటికే ఉంటే లీటరు నీళ్ల సీసా తీసుకోండి. కూర్చుని ముంజేయి తొడ మీద ఆనించి, అరచెయ్యి పైకి. రెండో చేత్తో సీసాని పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో అయిదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందకి దించండి. 15 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఫర్వాలేదు. మర్నాడు పొద్దున నిన్నటి కంటే ఎక్కువుంటే సీసాలో సగం నీళ్లు పారబొయ్యండి. ఇది రోజుల్లో తగ్గేది కాదు, వారాలు పడుతుంది. నాకు దాదాపు మూడు నెలలు పట్టింది. దానితో పాటు అయిదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి వేళ్లు విప్పడం కూడా చెయ్యండి, ఎందుకంటే రాయి, సూది, పెన్ను మూడూ వేళ్లని ముడవమనేవే, విప్పమనేది ఏదీ లేదు.

నొప్పి మాత్ర వేసుకుని మాత్రం ఎక్కొద్దు. ఆగమని చెప్పే గొంతుని నొక్కేసినట్టే.

బిగిసిన ముక్కని ఏం చెయ్యాలని అడుగుతారు. అచ్చమైన ఉన్ని అయితే తడిపి, లాగి ఆరబెడితే కొంచెం సర్దుకుంటుంది, అయిదు సెంటీమీటర్లు మాత్రం సర్దుకోదు. ఎక్రిలిక్ అయితే తడిపినా మారదు. రంగు దారం దగ్గరికి విప్పి మళ్లీ అల్లండి. దారం కట్టుకోమన్నది ఇందుకు కూడా.

సమస్య: అన్నీ పాటించినా బిగుతు తగ్గలేదు

అయితే లెక్కలోకి రాని పని ఏదో ఉంది. మొదట రికార్డు. సబ్మిషన్ వారంలో రాత్రికి ముప్ఫై పేజీలు రాస్తూ, అల్లికా రాయీ తగ్గించానని అంటే సరిపోదు. ఆ వారం రాయి వదిలెయ్యండి. మిడ్ పరీక్షలు అయ్యాక కూడా కొండ అక్కడే ఉంటుంది.

రెండోది ఎవరూ అనుమానించరు: బండి క్లచ్. సిరిపురం నుంచి హనుమంతవాక మీదుగా రుషికొండ దాకా ఆగి ఆగి వెళ్లే ట్రాఫిక్‌లో ఎడమచెయ్యి క్లచ్ నొక్కుతూనే ఉంటుంది. నొప్పి ఎడమ మోచేతికే ఉంటే ఓ రెండు వారాలు గేర్లు లేని స్కూటీ మీదో, బస్సులోనో వెళ్లి చూడండి. మూడోది, పడుకుని ఫోను మొహం మీదకి ఎత్తి పట్టుకోవడం. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే చాలాసేపు మోచేయి మడిచి పెట్టడం వల్ల కావచ్చు.

సమస్య: టైము చాలట్లేదు

ఇది చేతుల సమస్య కాదు, ఆశ సమస్య. ఒక సెమిస్టరుకి ఒక స్వెట్టర్, వారానికి రెండుసార్లు రాయి. అంతకన్నా పెట్టుకుంటే మూడింట్లో ఒకటి తప్పకుండా దెబ్బతింటుంది, అది ఎప్పుడూ చదువే అవుతుంది. బస్సులో అల్లడానికి మేజోళ్లు, టోపీల లాంటి చిన్నవి పెట్టుకోండి. సీటు దొరికితేనే.

మిగతావి

బొటనవేలి కింద మణికట్టు నొప్పి: ఫోను వాడకం తగ్గించండి, తగ్గకపోతే డాక్టరు. పొద్దున్నే వేలు మడతలో ఇరుక్కుని టక్కున తెరుచుకోవడం: డాక్టరు. రాత్రిపూట బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారి నిద్ర లేపితే మణికట్టు దగ్గర నరం నలుగుతుండొచ్చు, ఇది నిజంగా నరమే. ఆలస్యం చెయ్యకండి. ఎక్కుతుండగా వేలి మొదట్లో టప్‌మని శబ్దం వచ్చి వాస్తే ఆ రోజుకి దిగిపోండి, చాక్ సంచి కట్టేసి కేజీహెచ్ (విశాఖ పెద్దాసుపత్రి)లోనో మీకు దగ్గర్లోనో ఎముకల డాక్టరుకి చూపించండి. వాళ్లు సరేననే దాకా సూది కూడా పట్టుకోవద్దు.